నాలుగు దెబ్బల తర్వాత

డ్రమ్ములు వాయించేవాడికి పింఛను ఎందుకివ్వరని నాకొచ్చినంత కోపం భాయ్‌కి ఎప్పుడూ రాలేదు. ఆ డబ్బు అవసరం మాత్రం ఆయనదే. కోపం నాది కాబట్టి దరఖాస్తు కూడా నేనే రాశాను. అది ఏమయిందో చెప్పాలంటే ముందు ఆ నాలుగు దెబ్బల సంగతి చెప్పాలి.

మేమిద్దరం వాయించడం నేర్చుకున్నది రేణిగుంటలో. రైల్వే వాళ్ల క్లబ్బులో అప్పట్లో శనివారం సాయంత్రాలు డాన్సులు జరిగేవి. అక్కడ ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవరు ఉండేవాడు. పగలంతా బొగ్గు మసి, సాయంత్రం చేతిలో ఎలక్ట్రిక్ గిటారు. నేను తిరుపతిలో కాలేజీ ఎగ్గొట్టి, టిక్కెట్టు లేకుండా రైలెక్కి వచ్చి ఆ గిటారు ముందు కూర్చునేవాణ్ణి. భాయ్ వచ్చింది పాట కోసం కాదు. వాళ్ల నాయనది చిత్తూరులో గిన్నెలకు కళాయి పెట్టే పని. క్లబ్బు వంటింటి డేక్సాలకు కళాయి పెట్టడానికి నాయన వెంట వచ్చి, పని అయిపోయాక ఆ డేక్సాల మీదే దరువు వేస్తున్నాడు. డ్రైవరు అది విని, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి డ్రమ్ముల వెనక కూర్చోబెట్టాడు. అప్పటికి భాయ్‌కి ఇరవై దాటలేదు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, అంతే.

రాక్ పాటలు అక్కడే నేర్చుకున్నాం. మాటలు సగం అర్థం కాకపోయినా నోటికి వచ్చేశాయి. ఆ డ్రైవరు మాకు నేర్పిన మొదటి సూత్రం ఒకటే. డ్రమ్ము మనిషి రెండు పుల్లలు ఒకదానికొకటి తగిలించి నాలుగు సార్లు కొట్టాలి. ఆ నాలుగు పడేదాకా ఎవరూ మొదలుపెట్టకూడదు. పడ్డాక ఎవరూ ఆగకూడదు. మా పాటలు చాలావరకు గిటారుతోనే మొదలవుతాయి కాబట్టి, భాయ్ నాలుగు కొట్టి ఎడమ పక్కకు తిరిగి నన్ను చూసేవాడు. నేను అందుకునేవాణ్ణి. ఆ చూపుకు ఒకటే అర్థం, ఎత్తుకోప్పా అని.

డ్రైవరు రిటైరై ఎటో వెళ్లిపోయాడు, క్లబ్బులో డాన్సులు ఆగిపోయాయి. మేము చిత్తూరులో ఒక ఆర్కెస్ట్రాలో చేరాం. సినిమా పాటలు. రాక్ వాయించిన చేతులతో సినిమా పాటలా అని మొదట్లో నేను మూతి ముడుచుకున్నాను. భాయ్ మాత్రం, "పాట ఏదైతే ఏందబ్బా, నాలుగు కొట్టేది నాలుగే గదా" అన్నాడు. అంతే, ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. పెళ్లిళ్లు, గంగజాతరలు, వినాయక చవితి పందిళ్లు. పుత్తూరు నుంచి పలమనేరు దాకా మేము ఎక్కని స్టేజీ లేదు. భాయ్ రెండు పుల్లలూ తల పైకెత్తి కొట్టేవాడు. ముందు వరసలో పిల్లలు ఐస్‌క్రీం పుల్లలు ఎత్తి అలాగే కొట్టేవాళ్లు. మేము అప్పుడు పెద్ద మొనగాళ్లమనుకునేవాళ్లం, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ నాలుగు దెబ్బలు ఆయనకు స్టేజీ దిగినా పోలేదు. వ్యానులోకి పెద్ద స్పీకరు ఎత్తాలంటే దాని మీద వేళ్లతో నాలుగు కొట్టి, "ఇప్పుడు ఎత్తండప్పా" అనేవాడు. సూది వేయించుకునేటప్పుడు నర్సు బల్ల మీద నాలుగు కొట్టి చెయ్యి చాపేవాడు. మాకది పెద్ద ఎగతాళి. భాయ్ నమాజుకు వెళ్లినా నాలుగు కొట్టే మొదలుపెడతాడని ఏడిపించేవాళ్లం, ఆయన తిట్టేవాడు. కష్టమైన మాట చెప్పాల్సి వచ్చినా అంతే. మా నాయన పోయిన కబురు నాకు తెచ్చింది భాయే. మదనపల్లెలో ఒక లాడ్జిలో ఉన్నాం. పొద్దున్నే తలుపు మీద నాలుగు దెబ్బలు పడ్డాయి. భాయ్ లెక్కే అని నవ్వుకుంటూ తలుపు తీశాను. ఆయన మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

తొంభైల్లో కీబోర్డు వచ్చింది. మా ఆర్కెస్ట్రా ఓనరు మద్రాసు వెళ్లి ఒకటి కొనుక్కొచ్చాడు. చిన్న పలుచటి డబ్బా. లోపల ఫ్లాపీ పెడితే ఫ్లూటు, వయొలిన్లు, గిటారు, డ్రమ్ములు, అన్నీ దాంట్లోనే. మొదట ఫ్లూటు ఆయన్ని రావద్దన్నారు. తర్వాత నన్ను. "ఏమనుకోవద్దప్పా, పెండ్లోళ్లు రేటు తగ్గించమంటాండారు" అన్నాడు ఓనరు. నేను ఏమనుకోకుండా ఎలా ఉంటాను? ఆయన ముందరే కీబోర్డును తన్నబోయాను. భాయ్ అడ్డం వచ్చి నా కాలు పట్టుకున్నాడు. ఆ కాలు తగిలుంటే ఇప్పటికీ దాని బాకీ తీరుస్తుండేవాణ్ణి.

భాయ్‌ని మాత్రం ఇంకో మూడేళ్లు ఉంచుకున్నారు. ఎందుకో తెలుసా? పెళ్లివాళ్లకు స్టేజీ మీద డ్రమ్ములు కనబడాలి. ఫోటోల్లో, వీడియోలో మెరుస్తూ ఉండాలి. వాయింపు కీబోర్డులోంచి వస్తుంది. భాయ్ డ్రమ్ముల మీద మెల్లగా కొడుతున్నట్టు చేతులు ఆడించాలి. డ్రమ్ములకు మైకు పెట్టలేదు. ఒకసారి నేను చూడ్డానికి వెళ్లాను, చిత్తూరులోనే ఒక కల్యాణ మండపం. పాటకు ముందు భాయ్ పుల్లలు తల పైకెత్తి నాలుగు కొట్టాడు. కీబోర్డు అప్పటికే మొదలైపోయింది. దానికి ఈయన నాలుగుతో పనేముంది? అయినా ప్రతి పాటకూ కొట్టాడు. నేను భోజనం చేయకుండానే వచ్చేశాను. ఏడుపొచ్చింది, బస్సులో ఏడ్చాను కూడా.

ఆ ఏడాదే నా గిటారు అమ్మేశాను. ఇంట్లో ఇబ్బంది, నా మొండితనం, రెండూ కలిశాయి. తిరుపతిలో ఒక లాడ్జిలో తాళాలిచ్చే కౌంటరులో చేరాను. గుండు చేయించుకుని వచ్చిన యాత్రికులకు గది తాళం ఇవ్వడం, తీసుకోవడం. ఒకాయన నా చేతి వేళ్ల కొసలు చూసి, "ఏం సామీ, కాలినాయా?" అని అడిగాడు. తీగలు నొక్కి నొక్కి కాయలు కాసిన వేళ్లు. అవునన్నాను. ఎవరికని చెప్తాం?

భాయ్‌కి తర్వాత షుగరు ముదిరింది. కుడికాలి బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు. డ్రమ్ములకు కుడికాలితో తొక్కే పెడలు ఉంటుంది. ఆ వేళ్లు లేకపోతే అది తొక్కలేరు. అప్పటికి ఆర్కెస్ట్రా వాళ్లకు స్టేజీ మీద కనబడ్డానికి కూడా ఆయన అక్కర్లేకపోయింది. చిత్తూరులో భాయ్, ఆయన భార్య ఉండేది ఒకటే గదిలో. ఒక పక్క మంచం, ఒక పక్క వదిన పొయ్యి. ఆయన దగ్గర మిగిలింది డ్రమ్ముల సెట్టులో పుల్లతో మోగించే ఒక ఇత్తడి తాళం, పళ్లెమంత. దాన్ని వదిన బియ్యం డబ్బాకు మూతగా పెట్టింది. బియ్యానికి మూత తీసినప్పుడల్లా అది ఖంగుమనేది. భాయ్ మంచం మీద నుంచే, "మెల్లగా తియ్యి, పగులుతాది" అనేవాడు. రోజూ ఇన్సులిన్ సూది వేయాలి. నెలకొకసారి దాని మందు కొనాలి. వదిన రెండిళ్లలో వంట చేసేది. నేను చేతనైనప్పుడు ఇచ్చేవాణ్ణి, చేతకాని నెల ఆ వీధి వైపు పోయేవాణ్ణి కాదు. సిగ్గుతో పోలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ సిగ్గు కూడా నా సుఖం కోసమే అనిపిస్తుంది.

ఆ రోజుల్లో లాడ్జికి వచ్చే ఇంగ్లీషు పేపరులో ఒక వార్త చదివాను. ఒకప్పుడు దేశదేశాలూ తిరిగి వాయించిన రాక్ గిటారు ముసలాయన ఒకడు ఆస్పత్రి బిల్లు కట్టలేక తన గిటార్లు ఒక్కొక్కటే అమ్ముకుంటున్నాడట. జ్ఞాపకాలు పుస్తకంగా రాస్తే అది కూడా అమ్ముడుపోలేదట. ఆ కాగితం చింపి తీసుకెళ్లి భాయ్‌కి చదివి వినిపించాను. ఆయన అంతా విని, "యాడున్నా మనోళ్లు మనోళ్లేనబ్బా. కాకుంటే ఆయనకి అమ్ముకునేదానికి శానా గిటార్లు ఉండాయి. నీకు ఒకటే ఉండె" అని నవ్వాడు. వదిన నవ్వలేదు. "భయ్యా, ముసలి కళాకారులకు గవర్నమెంటోళ్లు పింఛను ఇస్తారంట గదా. మా వీధిలో బుర్రకథ చెప్పే ఆయనకి వస్తాంది. కనుక్కోకూడదా?" అంది.

నెలకు కొన్ని వందలు. భాయ్ సూది మందుకు సరిపోతాయి. వదినకు లెక్క అంతే. ఆ డబ్బు వస్తే తను ఎవరి గడపా తొక్కి అడగక్కర్లేదు, మందు లేక భాయ్ ఇంకో వేలు పోగొట్టుకోనక్కర్లేదు. అంతకు మించి ఆమె ఏమీ కోరలేదు.

చిత్తూరులో ఆ ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా మర్యాదస్తుడే, కూర్చోమన్నాడు. దరఖాస్తులో కళారూపం అని ఒక గడి ఉంది. దాంట్లో ఏం రాయాలన్నాను.

"ఈ లిస్టులో ఉండేది ఏదన్నా రాయండి" అని ఒక కాగితం ముందుకు తోశాడు. హరికథ, బుర్రకథ, పౌరాణిక నాటకం, నాదస్వరం, డోలు, పలక, తోలుబొమ్మలాట, ఇంకా ఏవేవో.

"డ్రమ్స్ లేదే" అన్నాను.

"అది బ్యాండు మేళం గదా సార్."

"బ్యాండు మేళం కాదు. జాజ్ డ్రమ్స్. ముప్పై ఏళ్లు వాయించినాడు ఆయన."

"మీరు చెప్పేది నిజమేనప్పా. నేనేం చేసేది? లిస్టులో లేంది నేను చేర్చలేను గదా. రాసి ఇచ్చేయండి, కమిటీ వాళ్లు చూస్తారు."

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు చెమటోడ్చిన పనికి ఆ కాగితం మీద రెండు అక్షరాల చోటు లేదు. అక్కడే, ఆ కోపంలోనే, నాకు తెలివి పుట్టుకొచ్చింది. నా తెలివి ఎప్పుడూ కోపంతో పాటే వస్తుంది, అదే నా ఖర్మ. గడిలో పలక అని రాశాను. పక్కన, పీర్ల పండుగలకు వాయించును, అనుభవం ముప్పది సంవత్సరములు అని కూడా రాశాను. మా దగ్గర పలకంటే డప్పే, పీర్ల పండక్కి అవే కొడతారు, భాయ్ సాయిబు, ఎవరు కాదంటారు? ఇంటికెళ్లి భాయ్ చేత సంతకం పెట్టించాను. ఆయన సంతకానికి ముందు పెన్నుతో మంచం పట్టె మీద నాలుగు కొట్టి, తర్వాత చదివాడు.

"ఇదేందబ్బా? నేను పలక ఎప్పుడు కొట్టినాను?"

"తోలు తోలే, పుల్ల పుల్లే భాయ్. నువ్వు కొట్టలేంది ఏముండాది?"

"అది కాదబ్బా. డ్రమ్ములోణ్ణి డ్రమ్ములోడని రాస్తే ఏమైతాది?"

"ఏమీ కాదు. మడిచి మూలన పారేస్తారు. గమ్మున సంతకం పెట్టు."

ఆయన వదిన వైపు చూశాడు. ఆమె సూది మందు ఖాళీ సీసా కడుగుతోంది. సంతకం పెట్టేశాడు.

కమిటీ ముందు వాయించి చూపించాలని కార్డు వచ్చింది. నెల గడువుంది. ఊరి బయట పేటలో పలక కొట్టే ఒక పెద్దాయన ఉండేవాడు. భాయ్‌ని రిక్షాలో అక్కడికి తీసుకెళ్లేవాణ్ణి. ఆ పెద్దాయన జీవితమంతా పెళ్లికీ చావుకూ పలక కొట్టినవాడు. తన పనిని మేము దొంగిలించుకుపోవడానికి వచ్చామని తెలిసి కూడా ఒక్క మాట అనలేదు. సెగ చూపించి తోలు బిగించడం, కుడిచేతి లావు పుల్ల, ఎడమచేతి సన్న పుల్ల, అన్నీ చెప్పాడు. భాయ్ పది రోజుల్లో దరువులు పట్టేశాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన చేతుల్లో అంత వేగం చూశాను. ఒక్కటే చిక్కు. ప్రతిసారీ ముందు రెండు పుల్లలూ తగిలించి నాలుగు కొట్టేవాడు.

"ముందర ఆ టక్ టక్ ఏంది సాయిబూ?" అన్నాడు పెద్దాయన. "పలకకు ఎవురూ ఎంచరు. సెయ్యి పడిందంటే ఆట మొదులైనట్టే. ఇంగెవురి కోసం సూసేది?"

భాయ్ నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఆ నాలుగు మింగేసి, నేరుగా తోలు మీద కొట్టడం అలవాటు చేసుకున్నాడు. చివరి వారం ఒక్కసారి కూడా తప్పలేదు. పెద్దాయన తన పలక మాకు అరువిచ్చి, గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టాడు.

ఆ రోజు ఆఫీసు వరండా నిండా ముసలివాళ్లే. గద పట్టుకుని ఒకాయన, కాళ్లకు గజ్జెలు కట్టుకుని ఒకాయన. మేము పలకను ఎండలో పెట్టి తోలు వేడెక్కే దాకా కాచుకున్నాం. భాయ్ కొత్త టోపీ పెట్టుకున్నాడు. వదిన ఇస్త్రీ చేసిన చొక్కా. పేరు పిలిచారు.

"భాయ్, నాలుగు కొట్టొద్దు" అన్నాను.

"కొట్టనబ్బా. సిన్న పిల్లోడికి సెప్పినట్ల ఎన్ని సార్లు సెప్తావు?"

కుంటుకుంటూ లోపలికి వెళ్లాడు. వేరేవాళ్లను రానివ్వలేదు. నేను వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల బల్ల వెనక ముగ్గురు. ఒక ఆఫీసరు, ఒక హరికథ పెద్దాయన, నాటకాలాడిన రిటైర్డు హెడ్మాస్టరు ఒకాయన. వాళ్లు ముందుకు వంగి భాయ్ చేతుల వైపు చూశారు. ఎదురుగా కుర్చీల్లో మనుషులు కూర్చుని తన చేతుల వైపు అలా చూడటం భాయ్‌కి ఎన్నేళ్ల తర్వాతనో.

భాయ్ వీపు నిటారుగా చేశాడు. రెండు పుల్లలూ తల పైకెత్తాడు. టక్, టక్, టక్, టక్.

ఆగాడు. ఎడమ పక్కకు తిరిగాడు.

ఎడమ పక్కన కిటికీ. కిటికీలో నేను. ఆయన కళ్లు నా కళ్లలో పడ్డాయి. ఎత్తుకోప్పా అన్న ఆ చూపే, రేణిగుంట నాటిదే. నా ఎడమచేతి వేళ్లు కిటికీ ఊచ మీద వాటంతట అవే తీగలు నొక్కినట్టు ముడుచుకున్నాయి. నేనేం చేయను? చేతిలో గిటారు లేదు. కొట్టు భాయ్, పలక కొట్టు అని లోలోపల అరుస్తున్నాను. ఆయన నా కోసం చూస్తూనే ఉన్నాడు.

"ఏమయ్యా, కానీ" అన్నాడు ఆఫీసరు.

భాయ్ ఉలిక్కిపడి, తప్పు సర్దుకోవాలనుకున్న కంగారులో మళ్లీ నాలుగు కొట్టాడు. మళ్లీ ఇటు తిరిగాడు.

ఆ రెండోసారికి హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచాడు. కళ్లద్దాలు పైకి జరిపాడు. "నువ్వు... పుత్తూరులో మా అమ్మాయి పెళ్లికి వచ్చినావు గదా? డ్రమ్ములు! ఇట్లనే పైకెత్తి నాలుగు కొడతావుంటివి! మా పిల్లోళ్లంతా ఇంట్లో గరిటెలు తీసుకుని నెల దినాలు నీ మాదిరే కొట్టినారయ్యా!"

భాయ్ మొహం వెలిగిపోయింది. అంత వెలుగు నేను ఆ మొహంలో ఎన్నేళ్లుగానో చూడలేదు. పలకను కుర్చీ మీద పెట్టి, రెండు చేతులూ జోడించి, "అవును సార్! నేనే! ఆ డ్రమ్ములోణ్ణి నేనే!" అన్నాడు.

ఆఫీసరు దరఖాస్తు తిరగేశాడు. "మరి దీంట్లో పలక అని ఉండాదే?"

నేను ఇక ఆగలేకపోయాను. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. నేను రాశాను సార్, ఆయన తప్పు లేదు, డ్రమ్ము మాత్రం తోలు కాదా, ముప్పై ఏళ్లు ఈ జిల్లా అంతా ఆయన దెబ్బకు లేచి ఆడలేదా, అని గొంతు పెంచేశాను. నువ్వెవరు అన్నాడు ఆఫీసరు. గిటారు అన్నాను. నన్నెవరని అడిగితే గిటారు అని చెప్పాను, చూడండి! ప్యూను వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

హెడ్మాస్టరు మాత్రం కోప్పడలేదు. అదే నాకు ఇంకా బాధ. నన్ను పక్కకు పిలిచి, నెమ్మదిగా చెప్పాడు. "డ్రమ్ములనే రాసుంటే నేనే పోట్లాడిండే వాణ్ణి కదయ్యా. లిస్టులో లేకపోయినా ప్రత్యేకంగా రాసి పంపే దారి ఒకటి ఉండాది. పోయినసారి మౌతార్గాన్ ఆయనకి అట్లనే చేసినాము. ఇప్పుడు కళ్లతో చూసినాక ఈ అబద్ధం కింద ఎట్ల సంతకం పెట్టేది? తప్పు వివరాలని కొట్టేసినారంటే మళ్లీ పెట్టుకునేదానికి కూడా లేదు."

గుమాస్తా చెప్పిందీ అదే కదా, రాసి ఇచ్చేయండి, కమిటీ వాళ్లు చూస్తారని. ఆ ఒక్క మాట నా చెవికెక్కలేదు. భాయ్ అడిగిందీ అదే. డ్రమ్ములోణ్ణి డ్రమ్ములోడని రాస్తే ఏమైతాది అని. నేను గమ్మునుండమన్నాను.

బయటికి వచ్చి బస్టాండు దగ్గర టీ తాగాం. భాయ్ ఆగకుండా మాట్లాడుతున్నాడు. "సూసినావా అబ్బా? గుర్తు పట్టినాడు! ఎన్నేండ్లయింది ఆ పెండ్లయ్యి! గరిటెలంట, గరిటెలు తీసుకుని కొట్టినారంట పిల్లోళ్లు!" నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. ఆయనకు జరిగింది అర్థమైందో లేదో నాకు తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. పలకను తిరిగి ఇవ్వడానికి పేటకు వెళ్తే, పెద్దాయన ఏమైందని అడగలేదు, మా మొహాలు చూసి గుడ్డ విప్పి తోలు తుడుచుకున్నాడు. పుల్లలు కూడా ఇవ్వబోతే, "అవి ఉంచుకో సాయిబూ" అన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి మధ్యాహ్నం భోజనం వేళ. వదిన ఆ రోజు వంట పనికి వెళ్లలేదు. గడపలోనే నిలబడి ఉంది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది.

"ఏమన్నారు?" అంది.

"గుర్తు పట్టినారు" అన్నాడు భాయ్, లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంటూ. "పుత్తూరు పెండ్లి, నీకు గుర్తుందా? ఆ పెండ్లి ఆయనే పెద్ద సారు."

"అల్హందులిల్లా" అంది వదిన. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "తెలిసినోళ్లే అయితే ఇంకేం. ఏ నెల నుంచి ఇస్తారంట?"

భాయ్ టోపీ తీసి మంచం మీద పెట్టాడు. వదిన బియ్యం డబ్బా మీద నుంచి ఆ ఇత్తడి తాళం తీసింది. అది ఖంగుమంది. మెల్లగా తియ్యి అని ఆయన ఈసారి అనలేదు. డబ్బా అడుగున సోలెడు బియ్యం కూడా లేవు. ఉన్నవాటిలోనే ఆమె నాకు కూడా కొలుస్తోంది.

"చెప్పు భయ్యా, ఏ నెల నుంచి?" అని ఈసారి నన్ను అడిగింది.

నేను భాయ్ వైపు చూశాను. ఆయన మొహంలో పుత్తూరు పెళ్లి లేదు. అంతా అర్థమైంది ఆయనకు, ఆ కమిటీ గదిలోనే, నాకంటే ముందే అర్థమైంది. టీ కొట్టు దగ్గర మాట్లాడిందంతా నా కోసం మాట్లాడాడు. ఆయన ఒళ్లో ఉన్న పలక పుల్లలు రెండూ చేతిలోకి తీసుకున్నాడు. వాటిని తల పైకి ఎత్తలేదు. మోకాళ్ల దగ్గరే, వదినకు సరిగ్గా వినపడనంత మెల్లగా, ఒకదానికొకటి తగిలించాడు.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఎడమ పక్కకు తిరిగి నన్ను చూశాడు.

ఈసారి మా మధ్య కిటికీ లేదు. నాలుగు పడ్డాక ఎవరూ ఆగకూడదు.

"వదినా, తప్పు నాది" అని నేను ఎత్తుకున్నాను.